సారు ప్యాంటులో ఎర్రచీమలు

ఆ రోజు అత్వెల్లిలోని ఆ ఇంట్లో ఉన్నది అవ్వ సత్తమ్మ, పదో తరగతి చదివే మనవరాలు భవాని, ముందు గదుల్లో అద్దెకుండే సైన్సు సారు గోపాలరావు, ఆయన భార్య అమ్మాజీ, దొడ్లో ఒక మామిడికొమ్మ నిండా ఎర్రచీమలు. భవాని నాయిన మైసయ్య చేపలకని తెల్లారకముందే శామీర్‌పేట చెరువుకు పోయాడు గనుక బతికిపోయాడు.

మేడ్చల్‌లో జరిగే సైన్సు ప్రదర్శనకు ఎవరిని తీసుకుపోవాలో సారు ఆ పొద్దునే తేల్చాలి. భవానికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ సారు ఎదుట ఆమెకు నోరు పెగలదు. చెప్పాలనుకున్నదంతా డైరీలో రాసుకుంటుంది. అందుకే మాట్లాడే పని లేకుండా, ఆకులు కుట్టి కట్టిన చీమల గూడునే చూపించాలనుకుంది. గూడున్న కొమ్మ నరికి, నీళ్ళ బకెట్లో రాళ్ళ మధ్య నిలబెట్టింది. చీమలు నీళ్ళు దాటలేవు కదా!

అవ్వ వచ్చి దండెం మీద తడిచీర ఆరేసింది. కొంగు కొమ్మకు తగిలింది. చీమలకు వంతెన దొరికింది. దండెం రెండో కొసన సారు ప్యాంటు ఆరుతోంది.

భవాని డైరీ తెచ్చుకునేలోగా ప్యాంటు సారు ఒంటిమీదికి చేరింది.

"అమ్మో! అబ్బో!" సారు వసారాలోకి గెంతుకుంటూ వచ్చారు.

"ఏవండీ, ఏమైందండీ?" అమ్మాజీ బెంబేలెత్తింది.

"సారు మీదికి మైసమ్మ తల్లొచ్చింది!" అవ్వ చేతులు జోడించింది. "పసుపునీళ్ళు తే బిడ్డా, జల్దీ!"

"అవ్వా, అది..." భవాని డైరీ వెనక ముఖం దాచుకుంది.

వేపకొమ్మ అందుబాటులో లేక, అవ్వ బకెట్లోని మామిడికొమ్మ అందుకుని సారు వీపు మీద ఆడించింది. "శాంతించు తల్లీ!" కొమ్మ మీంచి మరికొన్ని చీమలు దిగాయి. సారు గెంతులు రెట్టింపయ్యాయి. అవ్వ చేతికీ నాలుగు పట్టాయి గానీ, భక్తిలో ఆమెకు తెలియలేదు.

భవాని కళ్ళు గట్టిగా మూసుకుంది. "తల్లి కాదవ్వా, శీమలు! నేనే తెచ్చిన!"

సారు కొమ్మను చూశారు, భవానిని చూశారు, స్నానాలగదిలోకి దూరారు. ఇంకేం మేడ్చల్! ఏడుపు దిగమింగుకుంటూ ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"సార్, సబ్బు రుద్దుకోండ్రి. ఆ శీమలు కరిచి, గాటు మీద ఆమ్లం చిమ్ముతయి."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"మరి గూడు కట్టడానికి ఆకులెలా కుడతాయి?"

"పెద్ద శీమలకు దారం రాదు సార్. పిల్లపురుగుల నోట్ల నుంచి వస్తది. పెద్దయి వాటిని నోట కరుసుకొని, సూదిలెక్క అటూ ఇటూ తిప్పుతయి."

మనిషి కనబడకపోతే తను ఇంత మాట్లాడగలదని ఆమెకే తెలియదు.

"ఎక్కడ చదివావు?"

"సదవలే సార్. మన మామిడిచెట్టు కాడ చూసిన."

తలుపు ఓరగా తెరుచుకుంది. వాచిన ముఖం ఒకటి బయటికొచ్చింది. "మేడ్చల్‌కి నువ్వే వస్తున్నావు. మరి ఆ గూడేదీ?"

"ఇగో సార్!" సంతోషం పట్టలేక భవాని అవ్వ చేతిలోని కొమ్మను లాక్కొచ్చి ఆయన ముక్కు దాకా ఎత్తింది.

సారు ఆమె ముఖం మీదే తలుపు వేసేశారు. ఈసారి గడియ కూడా పెట్టుకున్నారు.