ఎవరికీ తెలియని ఊరు, మొదటి శ్రేణి

ఒక ఊరు ఎవరికీ తెలియదన్న సంగతిని లోకానికంతటికీ తెలియజేయడమే అసలైన అభివృద్ధి అని మా జిల్లా పర్యాటక కార్యాలయం తేల్చి చెప్పింది. అంతకుముందు అభివృద్ధి అంటే రోడ్డు వేయడమని మేమంతా పొరబడి ఉన్నాం. జావా దీవి కొండల మీదున్న మా కెదుంగ్‌సెపికి ఎన్నడూ ఎవరూ రోడ్డు వేయలేదు. అందువల్ల, మాకు తెలియకుండానే మేం చాలా ముందున్నామని తేలింది.

ఈ సంగతి అందరికంటే ముందు గ్రహించినవాడు మా ఊరి పెద్ద సప్తొనొ. పక్క ఊరు కరంగ్‌వాతుకు జలపాతం ఉంది. దాని ముందు ఫొటోలు దిగడానికి గుండె ఆకారంలో ఒక ప్లాస్టిక్ చట్రం కూడా ఉంది. మాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే మన ఆస్తి అని సప్తొనొ సభ పెట్టి చెబితే మేం చప్పట్లు కొట్టాం.

నిజానికి ఆయనకు పదవి కంటే ఇష్టమైనది తన ఇంటి అరుగు. సాయంత్రం అక్కడ లుంగీ కట్టుకుని కాఫీతో కూర్చుంటే, మెట్లు మెట్లుగా దిగిపోయే వరి మళ్లు, మబ్బు తొలగితే అగ్నిపర్వతం పొగ కనిపిస్తాయి. దారిన పోయే ప్రతివాణ్ణీ "ఎక్కడికీ? రా, కాసేపు కూచో" అని పిలిచేవాడు. వాళ్లు "ఇంకోసారి వస్తాలెండి" అని సాగిపోయేవారు. (పిలవకపోతే తప్పు. పిలిస్తే వెళ్లడం ఇంకా పెద్ద తప్పు.) మా జావాలో ఎదుటి మనిషిని మొహం మీద కాదనేది ఆ ఒక్క పిలుపు విషయంలోనే. మిగతా అన్నిటికీ 'అలాగే' అంటాం. అన్నాక ఆ పని చెయ్యం. ఇది మా తాతల నాటి పాలనా విధానం. దీని బలంతోనే ఎన్నో ప్రభుత్వ పథకాల నుంచి క్షేమంగా బయటపడ్డాం.

సప్తొనొ 'ఎవరికీ తెలియని ఊరు' గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాడు. దానికి తన అరుగు మీంచి తీసిన ఫొటో జతచేశాడు. అంత తెలివితక్కువ పని మా ఊళ్లో అంతకుముందెవరూ చేయలేదు. (ఫొటో బాగా వచ్చిందని మెచ్చుకున్నది కూడా మేమే.)

తనిఖీకి జిల్లా పర్యాటక అధికారిణి రెత్నానింగ్‌సిహ్ వచ్చింది. ప్రశాంతత కావలసిన డబ్బున్నవాళ్లకు ఇళ్లు దీర్ఘకాలం లీజుకు ఇప్పించే హెందార్తో అనే జకార్తా ఏజెంటు కూడా ఆమె వెంట వచ్చాడు. సప్తొనొ భార్య తుకీనా వాళ్లకు అరటిపండు బజ్జీలు, తీపి టీ పెట్టింది.

"మీ ఊరు ఎంతమందికి తెలుసు, పెద్దాయనా?" అంది అధికారిణి.

"ఎవరికీ తెలీదమ్మా. మాకొచ్చే ఉత్తరాలు కూడా కరంగ్‌వాతు పోతాయి."

"మరి ఊళ్లో ఉండేవాళ్లకి?"

"వాళ్లకి తెలుసు. ఇక్కడే పుట్టారు కదమ్మా."

"అక్కడే వచ్చింది చిక్కు." ఆమె నిజంగానే బాధపడింది. "తెలిసినవాళ్లంటే తెలిసినవాళ్లే. ఊరివాళ్లని మినహాయించాలని నిబంధనల్లో లేదు. మీ ఊరి మార్కులన్నీ మీవాళ్లే తినేస్తున్నారు."

హెందార్తో బజ్జీ నములుతూ దారి చెప్పాడు. ఊరి జనం కొండ కిందున్న పాత చక్కెర మిల్లు స్థలంలో ఉండవచ్చు. పగలు వచ్చి పొలం పని చేసుకుని, చీకటి పడకముందే దిగిపోవచ్చు. ఫొటోల కోసం ఊళ్లో ఒక ముసలాయన, ఒక గేదె ఉండవచ్చు. ఈ అరుగున్న ఇల్లు మాత్రం అతిథులకు కావాలి.

సప్తొనొ తన అరుగు వంక ఒకసారి చూశాడు. "అలాగేనండీ," అన్నాడు.

ఊరి సభలో ఎవరో ఒకరు అడ్డం పడతారని ఆయన ధైర్యం. పెద్దాయన దగ్గర ఏదో ఎత్తు ఉండే ఉంటుందని మా ధైర్యం. అందరం కలిసి "అలాగే" అన్నాం. అధికారిణి కూడా జావా మనిషే. ఆమె మొగుడు పెళ్లైన ఏడాది నుంచీ వంటింటి కప్పు బాగుచేయడానికి ఒప్పుకుంటూనే ఉన్నాడు. అందుకే ఆమె నిబంధనల్లో ఒక కొత్త వాక్యం చేర్పించింది: నోటితో ఒప్పుకున్నదానిని ఒప్పుకున్నట్లుగానే పరిగణించవలెను. మా చరిత్రలో ఇంత అన్యాయమైన చట్టం ఇంకొకటి లేదు.

"ఏవయ్యా పిల్లల తండ్రీ," అంది తుకీనా ఆ సాయంత్రం. (మా ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు.) "కాదు అని ఒక్క మాట అంటే నీ నోరు పడిపోయేదా?"

"పక్కింటి పార్మిన్ అంటాడనుకున్నా."

"పార్మినేమో నువ్వంటావనుకున్నాట్ట. వాళ్లావిడ చెప్పింది. ఇద్దరూ ఇద్దరే."

తరలివెళ్లే రోజున మా ఐకమత్యం చూసి తీరవలసిందే. మా చెక్క ఇళ్లను పునాది మీంచి ఎత్తి, భుజాల మీద పెట్టుకుని మోసుకుపోవడం మాకు అలవాటే. పిలవకుండానే అందరూ వచ్చారు. మమ్మల్ని మేం ఇంత చక్కగా ఖాళీ చేసుకోవడం చూసి అధికారిణి వీడియో తీసుకుంది. భోజనం కూడా బాగుంది. సప్తొనొ ఇల్లొక్కటే కదలకుండా మిగిలింది.

ముసలాయన ఉద్యోగమైనా తనకు రాకపోతుందా అని ఆయన దరఖాస్తు పెట్టాడు. చూడ్డానికి అంత ముసలిగా లేడని తిప్పికొట్టారు. గడ్డం బాగుందని కరంగ్‌వాతు మనిషిని తెచ్చి పెట్టారు. తుకీనాకు మాత్రం తన వంటింట్లోనే వంటమనిషిగా పని దొరికింది. మా ఊరికి ఆ గుర్తింపు మొదటి శ్రేణిలో వచ్చింది. 'ఎవరికీ తెలియని ఊరు ఇటు' అని పెద్ద రోడ్డు మీద దీపాలతో బోర్డు పెట్టారు. అక్కడి నుంచి నున్నటి తారు రోడ్డు కూడా వేశారు.

మిల్లు స్థలంలో అరుగు లేదు. అక్కడ సప్తొనొకు కాఫీ గొంతు దిగేది కాదు. తన ఊరు తన చేతులారా పోగొట్టానన్న బాధ లోపల్లోపల దొలిచేసేది. ఒకనాడు ఇక లాభం లేదని ఇస్త్రీ చేసిన బాటిక్ చొక్కా తొడిగి, ఊరి పెద్ద బిళ్ల పెట్టుకుని, కొండెక్కాడు. లీజు రద్దు చేసుకోమని, ఇల్లు ఇచ్చేది లేదని అందులో దిగిన అతిథి మొహం మీదే చెప్పాలి. దారి పొడుగునా "కాదు, కుదరదు" అని సాధన చేశాడు. గేదె తలెత్తి చూసింది. ఆ మాట మొదటిసారి కంటే మూడోసారి బాగా వచ్చింది.

అరుగు మీద ఒక విదేశీ అతిథి లుంగీ కట్టుకుని కూర్చుని ఉన్నాడు. తుకీనా కాఫీ పోస్తోంది. ఆరోజు మబ్బు లేదు. పర్వతం మీద పొగ సన్నగా లేస్తోంది.

సప్తొనొ గొంతు సవరించుకున్నాడు. ఈలోగా అతిథి ఆయనను చూశాడు. స్థానిక మర్యాదల మీద పర్యాటక కార్యాలయం వాళ్లిచ్చిన పుస్తకాన్ని అతను శ్రద్ధగా చదివినట్టున్నాడు. మొహం నిండా నవ్వుతో మా భాషలోనే పలకరించాడు.

"ఎక్కడికండీ? రండి, కాసేపు కూచోండి."

తుకీనా కాఫీ పోయడం ఆపి మొగుడి మొహంలోకి చూసింది.

"ఇంకోసారి వస్తాలెండి," అన్నాడు సప్తొనొ, చేతులు కట్టుకుని కొంచెం వంగి. తన ఇంటిని దాటుకుని ముందుకు సాగిపోయాడు.

ఆ విధంగా మా ఊరి పెద్ద చివరికి కాదనగలిగాడు.