బియ్యం డ్రమ్ము వెనక ఫ్రేము

మా ఆవిడకి దండ వెయ్యడానికి పనికొచ్చే ఫోటో ఒక్కటీ లేదన్న సంగతి నాకు విశాఖపట్నంలో డాక్టరుగారి ఎదురుగా కూర్చున్నప్పుడు తట్టింది. ఆయన స్కానింగు బొమ్మని వెలుతురుకి పట్టి, కడుపులో గడ్డ ఎంత పెరిగిందో, దాన్ని ఎంత తొందరగా తీసెయ్యాలో చెబుతున్నారు. నీలవేణి కొంగు చివర నలుపుతూ వింటోంది. నేను ఫోను తెరిచి ఫోటోలు వెతుకుతున్నాను. డాక్టరుగారు నాకేసి చూసి, మీరు వింటున్నారా అని అడిగారు. విన్నాను కాబట్టే వెతుకుతున్నానని ఆయనకెలా చెప్పను?

నవ్వితే నవ్వండి గానీ, నా గొడవ మీకు తెలిసిందే. అరకు నుంచి పెదబయలు వెళ్ళే బస్సులో కండక్టర్ని. టిక్కెట్లు కొట్టగా మిగిలిన కాసేపూ కిటికీలోంచి ఫోటోలు తీస్తాను. వేసవి తొలివానకి తెల్లగా విచ్చుకున్న కాఫీ పూత, కొర్ర కంకి మీద పిచిక, చలికాలంలో కొండ కింద పచ్చగా పరుచుకున్న వలిసె పూలు, ఏదీ వదలను. ఏ పండగొచ్చినా తెల్లారేసరికి ఆ కాలానికి తగ్గ ఫోటో మీద శుభాకాంక్షలు రాసి స్టేటస్ పెట్టేస్తాను. రూటులో ప్రతి స్టాపువాళ్ళ దగ్గరా నా నంబరుంది. రానురాను వాళ్ళు కేలెండరు చూడ్డం మానేసి, నా స్టేటస్ చూసి తలంటు పోసుకునే స్థితికొచ్చారు. ఫల్గుణ అన్న నా పేరు కాస్తా స్టేటస్ ఫల్గుణ అయింది. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

అన్ని ఫోటోల్లోనూ మా ఆవిడ ముఖం లేదు. మోచెయ్యి ఉంది. వలిసె చేను పక్కన బుట్ట మోస్తున్న వీపుంది. కొర్రల కుప్ప వెనక పాదముంది. ఫోను ఎత్తితే చాలు, "నా మొగం ఏటి సూత్తావు, పూలు సూడు" అని పక్కకి తప్పుకుంటుంది. నేనూ పూలే చూశాను.

ఫోటో లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో గోడే చెబుతుంది. మా అమ్మ పోయినప్పుడు చేతికి దొరికింది ఆధార్ కార్డు ఒక్కటే. అందులో బొమ్మని పెద్దది చేసి గోడకి తగిలించాం. దొంగతనం కేసులో పట్టుబడ్డట్టు ఉంటుంది మా అమ్మ. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఆవిడకి ఆధారమ్మ అని పేరు పెట్టిపోయారు. అత్త బతికున్నప్పుడు కూడా నన్ను ఇలాగ సూళ్ళేదు అంటుంది నీలవేణి. ఆ పక్కన ఇంకో ఆధారమ్మ వేలాడుతుందేమోనని నాకు భయం పట్టుకుంది. అసలు భయం అది కాదు. కానీ అసలు భయం వైపు చూడలేక దీని వైపు చూస్తున్నాను.

డాక్టరుగారు సోమవారం వచ్చి చేరమన్నారు. బయటికొచ్చాక నీలవేణి తాపీగా, మామిడి కొత్త అయ్యాకే వస్తానంది.

మా కొండల్లో కొత్త అవకుండా ఎవరూ మామిడికాయ ముట్టరు. ముహూర్తాలు చూసే దిసారి రోజు చెప్పాలి, ఆ రోజున తొలికాయ అమ్మవారికి పెట్టాలి, ఆకుల్లో ముక్కలు వేసి పోయినవాళ్ళ వాటా పోయినవాళ్ళకి పెట్టాలి, అప్పుడు బతికున్నవాళ్ళు నోట్లో వేసుకోవాలి. మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ రోజు చెప్పేది ధనరాజు తాత. ఆయనేమో ఇంకా టెంక పట్టలేదు, అమావాస్య దాటనీ అంటున్నాడు. ఆస్పత్రి సంగతి చెప్పి బతిమాలితే, అమ్మోరు నీ ఆస్పత్రి డేటు సూసి పండగ సేసుకోదురా అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. గడ్డకి పండగలు తెలీవన్నాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"మా యమ్మ కొత్త తినకుండా ఆస్పత్రికెల్లింది. మళ్ళీ రాలేదు. కొత్తనాడు దాని వాటా ఆకులో ఎట్టేం, కాకులు తిన్నాయి. నా వాటా నా సేత్తో తినేసి ఎల్తాను. ఆకులో ఎట్టించుకోను."

రోజు మార్చడం నా చేతిలో లేదు, మా ఆవిడని మార్చడం అమ్మవారి చేతిలో కూడా లేదు. నా చేతిలో ఉన్నది ఫోను. కనీసం ఫోటో పనైనా పూర్తి చేద్దామనుకున్నాను. ఎందుకో చెప్పకూడదు. పండగ వంక పెట్టి లాగాలి.

మర్నాడు, కొత్తకి స్టేటస్ ముందే తయారుచేసి ఉంచుకోవాలని చెప్పి, పెరట్లో మామిడి కింద నిలబడమన్నాను.

"కొత్త అవకుండా కాయ కొయ్యమంటావేటి? మతి పోనాదా?"

"కొయ్యొద్దు. చెట్టునున్న కాయనే పట్టుకో. పట్టుకుంటే ఎంగిలవ్వదు."

"రోజూ పిట్టలకీ పూలకీ తీత్తావు. ఇయ్యాల నా మొగం ఏటి గుర్తొచ్చింది?"

"మనుషులుంటే లైకులెక్కువొస్తాయట."

నాకేసి కాసేపు చూసింది. గొడవ పెడుతుందనుకున్నాను. అయితే పెళ్ళిచీర కట్టుకొత్తాను అని లోపలికెళ్ళింది. చీర కట్టి, పౌడరు రాసి, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. కొమ్మ వంచి కాయ మీద చెయ్యి వేసి, నా ఫోనులోకి తిన్నగా చూసి నవ్వింది. పెళ్ళయ్యాక ఆవిడ నాకేసి అంత తిన్నగా చూడ్డం అదే మొదలు. నాకు కళ్ళు మసకేశాయి. ఎండ కొడుతోందన్నాను. మబ్బేసుంది అంది.

ఫోటో అద్భుతంగా వచ్చింది. దాని మీద మామిడి కొత్త శుభాకాంక్షలు అని రాసి దాచాను. రాయని కాపీ పట్టుకుని అరకు బజార్లో స్టూడియోకి వెళ్ళి ఫ్రేము కట్టించాను. స్టూడియోవాడు ఫోటో చూసి, ముఖం బాధగా పెట్టి, దండ కూడా ఇమ్మంటారా అని అడిగాడు. ప్లాస్టిక్‌వి మంచివొచ్చాయట, ఉతుక్కోవచ్చట. మా ఆవిడ బతికే ఉందయ్యా అని కసిరాను. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, ఒకటి పక్కన పెట్టుంచమన్నాను. వాడు తల ఊపాడు. ఫ్రేముని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చి బియ్యం డ్రమ్ము వెనక దాచాను. రోజూ బియ్యం తీసేది ఆవిడే అన్న విషయం నాకప్పుడు గుర్తు లేదు.

మర్నాడు మొదటి ట్రిప్పు. పొయ్యి పక్కన చార్జింగులో ఉన్న ఫోను జేబులో పడేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను. బస్సెక్కినవాళ్ళంతా నన్ను చూసి మరీ ఎక్కువగా నవ్వుతున్నారు. నాలుగు స్టాపులు దాటేసరికి బస్సంతా మామిడికాయ వాసన. ఒకావిడ బుట్టనిండా కాయలు. వెనకసీట్లో పిల్లలు ఉప్పూకారం అద్దుకుని నమిలేస్తున్నారు. డ్రైవరు కామేష్ కూడా గేరు మార్చే చేత్తోనే ముక్క కొరుకుతున్నాడు. ఈ ఏడు టెంక బేగి పట్టేసిందేమో అనుకుంటున్నాను. ఇంతలో రత్నాలు అనే ముసలావిడ ఎక్కి, నీ ఆడది పటంలో బాగుందిరా అంటూ నా నోట్లో ఒక ముక్క కుక్కింది. పులుపు నాలిక్కి తగిలాక గానీ నా బుర్రకి వెలగలేదు.

ఫోను తీసి చూస్తే నా స్టేటస్‌లో మా ఆవిడ నవ్వుతోంది. కింద మామిడి కొత్త శుభాకాంక్షలు. స్టేటస్ పొద్దున్నే పడిపోయింది, రూటంతా చూసేసింది. నిద్రమత్తులో నా వేలే తగిలుంటుందనుకున్నాను. పీకేశాను గానీ, కడుపులోకి పోయిన కాయల్ని ఎవరు పీకుతారు?

సాయంత్రం బస్సు దిగేసరికి ఊరు ఊరంతా మా ఇంటి ముందుంది. ఎగువ ఊళ్ళో ఒక పెళ్ళివారు విందులో మామిడికాయ పచ్చడి వేశారట. మగపెళ్ళివారిలో సగంమంది కొత్త అయిందని తిన్నారు, సగంమంది అవలేదని విస్తళ్ళు వదిలి లేచారు. రెండు సగాలూ కొట్టుకుని ఇప్పుడు ఒక్కటై నా కోసం వచ్చాయి. మధ్యలో ధనరాజు తాత కర్ర పట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఎదురుగా నేల మీద కూర్చోబెట్టారు. నా చొక్కా మీద ఇంకా రత్నాలు పెట్టిన ఉప్పూకారం ఉంది.

రోజు సెప్పడానికి నువ్వెవడివిరా అని తాత మొదలెట్టి, మా తాతల దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. నేను తల దించుకుని అన్నీ ఒప్పుకున్నాను. నీలవేణి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా వల్ల ఆవిడకి ఈ అవమానం కూడానా అని నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు గుంపులోంచి ఎవరో, నువ్వేం తిన్నావు తాతా పొద్దున్న అని అడిగారు. తాత కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

కోడలు మామిడికాయ పప్పు వండిందట. రెండుసార్లు వడ్డించుకున్నాడట. "నానే రోజు సెప్పేసి మరిసిపోయేననుకున్నాన్రా. ముసలోణ్ణి కదా," అన్నాడు మెల్లిగా.

ఇన్ని నోళ్ళు ఎంగిలయ్యాక అమ్మోరిని అమావాస్య దాకా ఆగమంటే బాగోదని తాతే తేల్చాడు. రేపే కొత్త. తప్పు తీరడానికి కోడిపుంజు నేనివ్వాలి.

మర్నాడు కొత్త అయింది. నీలవేణి వాళ్ళమ్మ ఆకులో ముక్క పెట్టింది, మా అమ్మ ఆకులో పెట్టింది, తర్వాత తన వాటా తీసుకుని నిదానంగా, తొక్కతో సహా తినేసింది. సోమవారం పొద్దున్నే సంచీ సర్దుకుని, పద అంది.

ఆస్పత్రిలో ఆపరేషన్ గదికి తీసుకెళ్ళడానికి చక్రాల మంచం తెచ్చారు. ధైర్యం చెబుదామని దగ్గరికెళ్ళి దుప్పటి సర్దుతూ నిలబడ్డాను. నేను లేకపోతే నువ్వెలా ఉంటావోనన్న చూపు ఆవిడది. నువ్వు లేకపోతే నేనుండలేనని చెప్పాలని నాకు. మంచం కదిలేముందు నన్ను వంగమంది.

"స్టేటస్ నువ్వెట్టలేదు. నానే ఎట్టేను."

నేను గుడ్లప్పగించాను.

"అమ్మోరికి ముందు రోజే సెప్పుకున్నాను, తప్పు సేత్తన్నాను, మొగుడి మీద ఏసుకో అని. డ్రమ్ము ఎనకాల ఫ్రేము కూడా సూసేను. బాగుంది." ఇంకో రెండడుగులు వెళ్ళాక మంచం ఆపించింది. "దండ రేటు అడిగేవా?"

తలుపు మూసుకుంది. అవతల ఆవిడ కడుపు కోస్తున్నంతసేపూ ఇవతల నేను, గుమ్మంలో ఆవిడ కొంగు అడ్డం పెట్టుకున్నది ఏడవడానికి కాదు, నవ్వాపుకోవడానికి అని అర్థం చేసుకుంటూ కూర్చున్నాను. కూర్చున్నచోటే ఏడ్చాను, పక్కనున్నవాళ్ళు మంచినీళ్ళిచ్చారు.

గడ్డ తీశారు. అది చెడ్డదేనని తర్వాత రిపోర్టులో తేలింది. ఇప్పుడు నెలనెలా విశాఖపట్నం వెళ్ళి మందు ఎక్కించుకు వస్తున్నాం. జుట్టంతా ఊడిపోయింది. డాక్టరుగారు చూద్దాం అంటారు తప్ప ఇంకో మాట అనరు. పోయిన వారం మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలుసు, ఆ ఫ్రేము ఇప్పుడు గోడ మీద ఉంది. ఆస్పత్రి నుంచి రాగానే డ్రమ్ము వెనక నుంచి నా చేతే తీయించింది. అందులోంచి తన ఫోటో లాగేసి, నాది పెట్టింది. తాత ముందు నేల మీద కూర్చుని, చొక్కా మీద ఉప్పూకారంతో ఏడుస్తున్న నేను. ఆ రోజు గుమ్మంలోంచి పక్కింటివాళ్ళ ఫోనుతో ఆవిడే తీసిందట.

"కొన్న ఫ్రేము ఊరికే పోనిత్తావేటి? ఎవులు ముందో అమ్మోరికి తెలుసు. అందాకా నువ్వుండు," అంది.

రత్నాలు పరామర్శకొచ్చి, ఆధారమ్మ పక్కన నన్ను చూసి, కండక్టరు పోయాడనుకుని గుండెలు బాదుకుంది. వెనక గదిలోంచి అన్నం గిన్నెతో నేనే వెళ్ళి ఓదార్చాల్సొచ్చింది.

వలిసె పూలు విచ్చుకున్న వారం, నీలవేణి ఉన్నట్టుండి, స్టూడియోలో నేను పక్కన పెట్టించిన ఆ దండ తెమ్మంది. ఒంట్లో బాగోలేదా అని అడిగాను. బాగానే ఉన్నాను, తెమ్మంటే తే అంది. వెళ్ళి తెచ్చాను. ఆవిడ దాన్ని సబ్బునీళ్ళలో ముంచి, పిండి, ఆరేసి, సాయంత్రం మా అమ్మ ఫోటోకి వేసింది.

"అత్త బోసిగా ఉంది ఎన్నాళ్ళ నుంచో. నాకు కావలసినప్పుడు ఉతికి ఎయ్యి. అందాకా అత్త ఎట్టుకుంటాది."

ఆ వారం నా స్టేటస్ మీరంతా చూసే ఉంటారు. కొండ కింద దాకా వలిసె పూలు పచ్చగా, ముందు మా పెరట్లో బట్టలారేసే తీగ. తీగ మీద నీళ్ళు కారుతూ ప్లాస్టిక్ దండ ఒకటి. ఇదేం ఫోటో రా అని కామేష్ అడిగాడు. దండ పక్కన చూడమన్నాను. క్లిప్పు పెడుతున్న మోచెయ్యి ఉంటుంది.