గడప లోపల ఉండాల్సిన ఓటు

ఈసారి ప్రజాస్వామ్యమే ఇంటికి నడిచి వస్తుందని పెద్దలు ప్రకటించారు. (నడిచి కాదు, జీపులో.)

ఎనభై అయిదు దాటినవాళ్ళు బూత్‌దాకా వెళ్ళనక్కర్లేదు, ఓటే వాళ్ళ దగ్గరికి వస్తుంది. దీనికోసం మా ఇందుకూరుపేట వైపు 'గృహ ఓటు సంచార దళం' ఏర్పడింది. అందులో ఒక అధికారి, ఒక పెట్టె, ఓటరు చుట్టూ నిలబెట్టే అట్ట, ఒక వీడియో కెమెరా. అట్ట రహస్యం కోసం, కెమెరా ఆ రహస్యానికి సాక్ష్యం కోసం.

మా ఇంట్లో ఆ అర్హత మావారి నాయనమ్మ వెంకటశేషమ్మ గారిది. ఓటు హక్కు వచ్చినప్పటి నుంచి ఒక్క ఎన్నికా వదలని మనిషి. ఎండలో వెళ్ళడమెందుకని మావారు పెంచలకృష్ణ ఆమె పేరు ఇంటి ఓటుకు రాయించాడు. నేను కోడలిగా వచ్చి నెల కూడా కాలేదు. నా ఓటు ఇంకా బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టింట్లోనే ఉంది. కాబట్టి అవ్వ ఓటైనా కళ్ళారా చూద్దామని నాకు సరదా. ఆ సరదా కోసం మావారు సెలవు పెట్టాడు. (సెలవు పెట్టిన మొగుడు తాటిముంజలు వలిచి నోటికందిస్తుంటే ప్రజాస్వామ్యం మీద ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.)

జీపు బయల్దేరిందని ఫోన్ రాగానే అవ్వ ఓటు చీర కట్టుకుని, కర్ర పట్టుకుని వీధి మలుపుకు వెళ్ళి నిలబడింది.

"ఇంట్లోనే ఉండమన్నారు గదవ్వా?" అన్నాను.

"ఇంటికొచ్చేవాళ్ళకి ఎదురుబోకుంటే ఏం మర్యాద అమ్మీ? పెళ్ళికి మీవాళ్ళొచ్చినప్పుడు గూడా ఈడికే వచ్చినా."

జీపు ఆమె పక్కనే ఆగింది. అధికారి గంగాధరం గారు దిగారు.

"రాండి నాయనా, నేనే వెంకటశేషమ్మని. పెట్టె యాడ?"

"మీరు రోడ్డు మీదుండారవ్వా."

"ఉండా. మీకోసరమే."

"రోడ్డు మీద ఓటు కుదరదు. బండి ఆగే టయానికి ఓటరు గడప లోపలుండాల. రూలు."

"అయితే బండెక్కించుకో అబ్బయ్యా, పోదాం."

"ప్రభుత్వ బండిలో ఓటర్ని ఎక్కిస్తే ప్రలోభం కిందికొస్తాది."

జీపు ముందు వెళ్ళింది, అవ్వ వెనక నడిచింది. ఆమె చేరేసరికి 'ఓటరు ఇంట లేరు' అని నమోదైపోయింది. సాక్ష్యంగా ఆమె ఖాళీ మంచాన్ని వీడియో తీశారు. (మంచం చక్కగా వచ్చింది.)

రెండోదీ, ఆఖరిదీ అయిన అవకాశం శుక్రవారం. ఈసారి మావారు వీధి తలుపు గొళ్ళెం పెట్టి, అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. తోడుగా నేనూ కూర్చున్నాను. (కుర్చీ ఒక్కటే. ఇబ్బందేమీ కలగలేదు.) ఆ కాపలాలో మేం లీనమై ఉండగా అవ్వ పెరటి తలుపు తీసుకుని చుట్టూ తిరిగి వెళ్ళింది. జీపు ఆగేసరికి ఒక చేతిలో నీళ్ళ చెంబు, ఇంకో చేతిలో మజ్జిగ గ్లాసుతో గడపకు అవతల నిలబడి ఉంది.

గంగాధరం గారు కాళ్ళు కడుక్కున్నారు. మజ్జిగ తాగారు. 'ఓటరు రెండోసారి కూడా ఇంట లేరు' అని రాశారు.

"మజ్జిగ దాగినావు గదరా! ఎవురిచ్చినారు, లేని మనిషా?"

"రికార్డు ప్రకారం అంతేనవ్వా," అంటూ ఆయన మూతి తుడుచుకున్నారు.

పోలింగు రోజు అవ్వ అదే చీరలో బడి దాకా నడిచి, వరసలో నిలబడింది. చాలాసేపటికి ఆమె వంతు వచ్చింది.

"మీది ఇంటి ఓటు. మీరు ఇక్కడికి రాలేరు," అన్నాడు బూత్ అధికారి.

"వచ్చినా గదా!"

"రాలేరని ఉంది."

రాలేని మనిషి వచ్చినదారినే ఇంటికి నడిచింది.

సాయంత్రం మావారి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: 'ఇంటి వద్ద ఓటు సేవను వినియోగించుకున్నందుకు ధన్యవాదాలు. మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' పైకి చదివాను. చీర మార్చుకోబోతున్న అవ్వ ఆగి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఒకటి నొక్కమ్మీ."

నొక్కాను.

"పడిందా?"

"పడిందవ్వా."

అవ్వ ఎడమచెయ్యి నా ముందుకు చాపింది, వేలికి సిరా పెట్టమని.