విడుపు లేని బ్రేకు

ఏబీయస్ పీకేసిన పాత కారుకి గట్టిగా బ్రేకు వేస్తే, కారుతోపాటు ఊరంతా ఆగిపోతుంది. గోదావరి జిల్లాల్లో ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అందుకే ప్రభుత్వం స్తంభన శాఖ అని ఒకటి పెట్టి, ప్రతి బస్టాండులోనూ ఒక ఇన్‌స్పెక్టరుకి కుర్చీ వేసింది. ఊరు ఆగినా బ్రేకు తొక్కినవాడు ఆగడు. ప్రభుత్వోద్యోగులు కూడా ఆగరు. ఆగి ఉన్న మనిషిని మళ్ళీ ఆపడం కుదరదని నిపుణులు తేల్చారు.

కొబ్బరికాయల వ్యాపారి తాతారావుకి ఇవన్నీ తెలుసు. తెలిసే కారుని మెకానిక్ వీరబాబు దగ్గరికి తీసుకెళ్ళాడు. పెళ్ళయిన కొత్తలో కొన్న కారు. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటు ఒకటి ఎప్పుడు చూసినా వెలుగుతూ ఉంటోంది.

"ఏబీయస్సు పోయిందండి. మేం పట్టువిడుపు డబ్బా అంటామండి దీన్ని," అన్నాడు వీరబాబు బానెట్ ఎత్తి చూపిస్తూ. "బ్రేకు తొక్కితే చక్రాన్ని పట్టుకుంటదండి, వదులుద్ది, మళ్ళీ పట్టుకుంటది. ఇంత పాత బండికి పార్టు దొరకదండి."

"పట్టుకున్నాక మళ్ళీ వదలడమేంటయ్యా? పీకి పారెయ్."

"విడుపు పోద్దండి మరి. ఊరాగిపోద్దండి."

"ఆగనీ."

"ఆయ్," అని వీరబాబు డబ్బా పీకేశాడు. పనిలో పనిగా పచ్చ లైటు బల్బు కూడా తీసేసి, ఇక చికాకుండదని చెప్పాడు.

తాతారావుకి పట్టే తప్ప విడుపు లేదన్న మాట ఇంట్లో కొత్తది కాదు. భార్య సుభాషిణి ఎన్నోసార్లు అంది. అమలాపురంలో ఆమె చెల్లెలు బట్టల కొట్టు పెట్టి తోడు రమ్మంది. తాతారావు వద్దన్నాడు. ఒకసారి వద్దన్నాక సరేననడం ఆయన ఒంట్లో లేదు. ఆమె బతిమాలింది, అలిగింది, చివరికి బట్టలు సర్దుకుంది. ఇక తిరిగి రానంది. ఆటోవాడికి ఇంటి సంగతి తెలియడం ఇష్టంలేక తాతారావే ఆమెని కారులో గోదావరి గట్టు పక్కనున్న బస్టాండుకి తీసుకొచ్చాడు.

కారు నెమ్మదించింది. అమలాపురం బస్సు ఎదురుగానే ఉంది. సుభాషిణి తలుపు తీసి, ఒక కాలు బయటపెట్టి, వెనక్కి తిరిగింది.

"ఏవండీ, మీరు ఒక్కసారి..."

తాతారావు బ్రేకుని అడుగంటా తొక్కేశాడు.

ఊరు ఆగింది. బండి మీద మూకుడులోకి జారుతున్న మిరపకాయ బజ్జీ నూనెకి జానెడు పైన నిలబడిపోయింది. ఎగరబోయిన పావురాలు గాలిలో అలాగే ఉండిపోయాయి. గట్టు అవతల గోదావరి ఆగింది. పుట్టినప్పటినుంచీ పారుతుండగా తప్ప చూడని అంత నీరూ అలల మడతలతో సహా నిశ్చలంగా ఉంది. తాతారావు దణ్ణం పెట్టబోయి, కాలు ఎక్కడ జారుతుందోనని మానుకున్నాడు. ఇదంతా తన చెప్పు కింద ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు భార్య ముఖం చూశాడు. కణత మీద ఒక చెమట చుక్క జారబోతూ ఆగి ఉంది. కోపంగా ఉంటుందనుకున్న ముఖంలో కోపం లేదు. ఏదో అడుగుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెని ఇంతసేపు చూసింది లేదు. ఆమె ఇంత అందంగా ఉంటుందని తెలిసేసరికి భయమేసింది.

ఇన్‌స్పెక్టరు భీమశంకరం కుర్చీలోంచి లేచి, పావురాలని తప్పించుకుంటూ వచ్చాడు.

"కారణమేంటండి?"

"మా ఆవిడ వెళ్ళిపోతోందండి."

"కుటుంబ కారణం. ఎక్కువమందిది అదేనండి. ఉంచండి, కంగారేం లేదు."

"కాలు తీస్తే వెళ్ళిపోద్దాండి?"

"బస్సుంటే వెళ్తారండి. దాని టైమైపోయింది, కాసేపోపిక పట్టండి."

ఖాకీ చొక్కా కండక్టరూ ప్రభుత్వోద్యోగే, విజిల్ ఊదాడు. డ్రైవరు బస్సు తీశాడు. లోపల ప్రయాణికులు కొలువులో బొమ్మల్లా కూర్చుని ఉన్నారు. ఇప్పుడైనా కాలు తియ్యాలని తాతారావుకి తెలుసు. ఆమె ఏమడగబోయిందో వినాలని కూడా ఉంది. సిగ్గేసింది. అయినా తియ్యలేదు. బస్సు గట్టు మలుపు తిరిగింది.

"ఇప్పుడు తియ్యొచ్చండి," అన్నాడు భీమశంకరం.

తీశాడు. బజ్జీ నూనెలో పడి చుయ్యిమంది. గోదావరి ఏమీ ఎరగనట్టు కదిలింది. సుభాషిణి నోరు తెరిచే ఉంది, మాట మాత్రం రాలేదు. బస్సు ఉండాల్సిన ఖాళీ చోటువంక కాసేపు చూసింది.

"ఏదో అడగబోయాను. గుర్తు రావట్లేదు," అంది. బయటపెట్టిన కాలు లోపలికి తీసుకుని తలుపు వేసింది. "బస్సు వెళ్ళిపోయినట్టుందండి. పదండి, పాలు కాచాలి."

తాతారావు కిటికీలోంచి తల బయటపెట్టి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇలా మర్చిపోవడం మామూలేనాండి?"

"మా ఇంట్లోనూ ఇంతేనండి. మా నాన్నగారు నాకు కారు కొనిచ్చేటప్పుడే డబ్బా పీకించి ఇచ్చారు," అన్నాడు భీమశంకరం, కుర్చీవైపు నడుస్తూ.

దారి పొడుగునా సుభాషిణి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తాతారావు ఆమెని ఏమడగబోయావని అడగలేదు. పచ్చ లైటు ఉండే చోటు ఒకసారి చూసుకున్నాడు. వెలగడం లేదు. అంటే అంతా బాగానే ఉన్నట్టు.