పక్క జిల్లా కాలువ

విశ్వవిద్యాలయ విద్యార్థులందరికీ ప్రాంతీయ, ప్రపంచ పర్యావరణ సమస్యలను పరిచయం చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. సమస్యలకు ఇంత మర్యాద ఎన్నడూ దక్కలేదు. పరిచయం చేసే బాధ్యత కాంట్రాక్టు లెక్చరరుగారి మీద పడింది. కోర్సు ఏ గొడవా లేకుండా గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామని మంత్రిగారు మాటిచ్చారు. అది విన్నప్పటి నుంచి ఇంట్లో భార్య కూడా ఆయనతో మెత్తగా మాట్లాడుతోంది.

లెక్చరరుగారు అమాయకులు. క్లాసు వెనకే రంగుల ఫ్యాక్టరీ కాలువ ఉండగా ప్రాంతీయ సమస్య కోసం వేరే ఎక్కడికో పోవడం దేనికనుకున్నారు. ఆ కాలువ ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారుతుంది. కంపుకు మాత్రం సెలవు లేదు. అందుకే కిటికీలన్నీ మేకులు కొట్టి మూసేశారు. వైస్ చాన్సలర్‌గారు ఆయన్ని కూర్చోబెట్టి ఓపికగా వివరించారు.

“మన హద్దులో ఉన్నదాన్ని సమస్య అనకూడదయ్యా. అంటే మనమే బాగుచేయాలి. పక్క జిల్లాదైతే పాఠం చెబితే సరిపోతుంది.”

ఇంతటి పరిపాలనా దక్షతకు లెక్చరరుగారి కళ్ళు చెమర్చాయి. అందులో కాలువ వాటా కూడా కొంత ఉంది.

పిల్లల్ని బస్సెక్కించుకుని పక్క జిల్లా కాలువకు వెళ్ళారు. గట్టు మీద అక్కడి యూనివర్సిటీ లెక్చరరు ఎదురయ్యారు. ఆయనదీ కాంట్రాక్టే, అక్కడా అదే రూలు. వచ్చే నెల తన పిల్లల్ని వీళ్ళ కాలువకు తీసుకొస్తున్నానన్నారు.

“మీది బాగుంటుందా అండీ?”

“పిల్లలు నిరాశపడరు. రంగులు కూడా మారతాయి.”

తిరిగొచ్చాక ఒకమ్మాయి లెక్చరరుగారి దగ్గర ఆగింది.

“సార్, మా ఇల్లు మన కాలువ అవతలి గట్టునే. మా నాన్నమ్మకు దగ్గు తగ్గట్లేదు. ఆ నీళ్ళలో ఏముందో చెప్తే ఏం చేయాలో తెలుస్తుంది.”

లెక్చరరుగారు గొంతు తగ్గించారు. “నన్ను పర్మనెంట్ కానివ్వమ్మా. మర్నాడే చెప్తాను.”

గొడవేమీ జరగలేదు గనక పర్మనెంట్ అయ్యారు. మంత్రిగారు ఆర్డరు చేతికిచ్చి ఫొటో దిగారు. మర్నాడు ఆ అమ్మాయి ముందు బెంచీలో కూర్చుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

“ప్రమోషన్ రానివ్వమ్మా.”

సిగ్గేసింది. అయితే జీతం పెరిగాక వచ్చిన సిగ్గు కాబట్టి తట్టుకోగలిగారు.

అన్నట్టుగానే మరుసటి నెల పక్క జిల్లా బస్సు వచ్చింది. ఆ పూట లెక్చరరుగారి క్లాసులో ఒక్కరూ లేరు. మూసిన కిటికీ అద్దంలోంచి చూస్తే గట్టు మీద రెండు యూనివర్సిటీల పిల్లలూ గుంపుగా నిలబడి ఉన్నారు. అవతలి గట్టున ఒక ముసలమ్మ గడపలో కూర్చుని దగ్గుతోంది. ఆ అమ్మాయి అందరికంటే ముందుకొచ్చి, నీళ్ళకేసి చెయ్యి చూపించి ఏదో అడిగింది. పక్క జిల్లా లెక్చరరు ఏమాత్రం తడుముకోకుండా జవాబు మొదలుపెట్టారు.

లెక్చరరుగారు అద్దానికి చెవి ఆనించారు. ఒక్క ముక్కా వినపడలేదు.