ఆవిరిగదికి వర్తించని కాంట్రాక్టు

మా లుమివారా ఐస్ హాకీ క్లబ్బు డైరెక్టర్ తౌనో హల్లికైనెన్ గారు సోమవారం విలేకరులను పిలిచి, ఆటలో నీతిని తాను ఒంటిచేత్తో కాపాడబోతున్నట్లు ప్రకటించారు. రెండో చేతిలో కాఫీ ఉంది.

"కాంట్రాక్టులో ఉన్న ఆటగాణ్ణి పక్క క్లబ్బువాడు పలకరించడమంటే, మనింట్లో దూరి మన పొయ్యి ఎత్తుకుపోవడమే" అన్నారు.

వెనక నిలబడ్డ నాకు ఒళ్లు పులకరించింది. క్లబ్బు ఆవిరిగదిలో పొయ్యి రాజేసి, దాని మీది రాళ్లు కాగాక నీళ్లు పోసి ఆవిరి లేపేవాణ్ణి నేనే. ఇరవై రెండేళ్లలో పొయ్యి ఊసు పత్రికలకెక్కడం అదే మొదటిసారి.

జరిగిందేమిటంటే, మా గోల్‌కీపర్ వెయిక్కాకు ఇంకా రెండేళ్ల కాంట్రాక్టు ఉంది. అతని భార్య సైమి ఏడువందల కిలోమీటర్ల అవతల కివిరంత ఆసుపత్రిలో నర్సు. నిండు చూలాలు. మొన్న మ్యాచ్‌కి వచ్చిన కివిరంత క్లబ్బు మేనేజర్ ఒస్మో, పెట్రోలు బంకు పక్క కాఫీ కొట్లో వెయిక్కాను చూసి, "మా ఊరొచ్చెయ్యరాదూ, మీ ఆవిడ దగ్గరుంటావు" అన్నాడు. డైరెక్టర్ గారు లీగుకు పదకొండు పేజీల ఫిర్యాదు పంపారు.

వెయిక్కా స్వయంగా వెళ్లి అడిగాడు. "నన్నొదిలెయ్యండి తౌనో గారూ. బిడ్డ పుట్టేనాటికి అక్కడుండాలి."

"బిడ్డ ఇరవయ్యేళ్లు నీతోనే ఉంటుంది. కాంట్రాక్టు రెండేళ్లే. దేనికయ్యా తొందర?" అన్నారు డైరెక్టర్ గారు.

ఇంత ముందుచూపు ఉన్న మనిషి మా ఊళ్లో మరొకరు లేరు.

గురువారం సాయంత్రం ఆయన నన్ను పిలిచి, పొయ్యి బాగా రాజెయ్యమన్నారు, చుట్టం వస్తున్నాడన్నారు. వచ్చిన చుట్టం యాల్మరి. అదే కివిరంత క్లబ్బుకు డిఫెండర్. అక్కడ ఇంకా మూడేళ్ల కాంట్రాక్టు. ఆవిరిగది పద్ధతి ప్రకారం ఇద్దరూ బట్టలన్నీ విప్పి పై బల్ల మీద కూర్చున్నారు.

నా నోరు ఊరుకోదు. "ఈయన కాంట్రాక్టులో ఉన్నాడు కదండీ?" అన్నాను.

"అతని ఒంటిమీద బట్టుందా?"

"లేదండీ."

"నా ఒంటిమీద?"

నేను మర్యాద కోసం రాళ్లవైపు చూస్తూ, "లేదండీ" అన్నాను.

"మరి ఇక్కడ క్లబ్బెక్కడుంది? ఇద్దరు మనుషులు చెమట పట్టించుకుంటున్నారు. నువ్వు నీళ్లు పొయ్యి."

పోశాను. ఆ ఆవిరిలో జీతం, ఇల్లు, పిల్లల బడి, చివరికి చేపలు పట్టుకోవడానికో పడవ కూడా తేలిపోయాయి. దీన్నేమంటారని అడిగితే "పరామర్శ" అన్నారు.

శనివారం లీగు తీర్పు వచ్చింది. కాఫీ కొట్లో ఒస్మో వేసుకున్న కోటు మీద క్లబ్బు గుర్తు ఉంది కనుక అతను చేసింది నేరమే. వెయిక్కా కదలడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం డైరెక్టర్ గారు చుట్టాలెవరూ లేకుండా ఆవిరి పట్టుకుంటుంటే వెయిక్కా లోపలికొచ్చాడు. అన్నీ విప్పేశాడు. పెళ్లి ఉంగరం మాత్రం వేడికి చురుక్కుమంటున్నా తియ్యలేదు.

"ఇప్పుడు నా ఒంటిమీద క్లబ్బు లేదు కదండీ. రేపు పొద్దున్న రైలుకి వెళ్తాను" అన్నాడు.

ఈ సూత్రం అతనికెవరు చెప్పారో నేను బయటపెట్టను. రిటైరయ్యేదాకా ఇంకా నాలుగు నెలలు ఉద్యోగం ఉంది నాకు.

డైరెక్టర్ గారు నుదుటి చెమట తుడుచుకుని, "కాంట్రాక్టు నీ జెర్సీతో రాసుకోలేదు వెయిక్కా. నీ మోకాళ్లతో రాసుకున్నాం. అవి ఇక్కడే ఉన్నాయి చూడు" అన్నారు.

వెయిక్కా మోకాళ్లవైపు చూసుకున్నాడు. నేను నీళ్లు పోశాను.

మళ్లీ సోమవారం విలేకరులొచ్చారు. యాల్మరి మా జెర్సీ వేసుకుని నవ్వుతున్నాడు. "ప్రేమకొద్దీ తనంతట తనే వచ్చాడు" అన్నారు డైరెక్టర్ గారు. సరిగ్గా అప్పుడే రెండో వరసలో ఉన్న వెయిక్కా ఫోను మోగింది. కివిరంతలో ఆడపిల్ల పుట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతను తలుపువైపు నడవబోతే డైరెక్టర్ గారు భుజం మీద చెయ్యి వేసి ఆపి, బల్ల సొరుగులోంచి అరచేయంత జెర్సీ ఒకటీ, దానికింద పెట్టిన కాగితం ఒకటీ తీశారు.

"పాపాయికి క్లబ్బు కానుక. ఇక్కడో సంతకం పెట్టు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా తను వేరే క్లబ్బుతో మాట్లాడదని. అసలే అక్కడ పుట్టింది, ఒస్మో ఆసుపత్రికి వెళ్లినా వెళ్తాడు."

పిల్ల పుట్టి అప్పటికి పావుగంట. ఒంటిమీద బట్ట కూడా వేసి ఉండరు.

డైరెక్టర్ గారు పెన్ను మూత తీసి ఇచ్చారు.