తిమ్మయ్య పుండు మానిన కేసు

మానవజాతి కనిపెట్టిన బోధనా పద్ధతుల్లో కేస్ స్టడీ అత్యున్నతమైనది. ఒక మనిషిని దగ్గరగా చూసి, ఎందుకిలా జరిగిందని అడిగి, ఆ జవాబు నుంచి నేర్చుకోవడమే దాని ఉద్దేశం. కర్నూలు పక్కన కల్లూరులోని ఒక నర్సింగ్ కళాశాల ఈ పద్ధతిని మరింత మెరుగుపరిచి, అందులోంచి మనిషిని తీసేసింది.

అక్కడ ప్రతి విద్యార్థీ ఒక రోగిని ఎంచుకుని రికార్డు రాయాలి. అందరూ సీనియర్ల రికార్డు తెచ్చుకుని, పేరు మార్చి రాస్తారు. (పేరు మార్చడం తప్పనిసరి కాదు.) ఆ కారణంగా ఆ కళాశాలలో కొన్నేళ్లుగా కొత్త జబ్బేదీ నమోదు కాలేదు.

నందికొట్కూరు నుంచి వచ్చిన ఆరాధన మాత్రం, పుస్తకంలో రాసుంది కదా అని, నిజంగానే వార్డుకు బయలుదేరింది.

"యాడికి పోతాండావు?" అన్నాడు తోటి విద్యార్థి ప్రవీణ్.

"రోగితో మాట్లాడేకి."

"ఆయప్పకేం తెలుసు? రికార్డు నా దగ్గరుండాది కదా."

వార్డులో మైదుకూరు దగ్గరి రైతు తిమ్మయ్య ఉన్నాడు. షుగరు మనిషి. అరికాలి పుండు నెలల తరబడి మానడం లేదు. రోజూ కట్టు మారుస్తున్నారు, మధ్యమధ్య మందు మారుస్తున్నారు. ఆయన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆరాధన మంచం పక్కన కూర్చుని ఆయన సేద్యం గురించీ, రోజూ నడిచే దూరం గురించీ అడిగింది. చివరికి మంచం కింది చెప్పులు తీసి, లోపల చెయ్యి పెట్టి తడిమింది. వేలికి మేకు గుచ్చుకుంది.

"ఇది పొడుస్తాంటే తెలీల్యాదా పెద్దాయనా?"

"కాలు మొద్దుబారిపోయిండాది పాపా. చెప్పులు చూపియ్యమని ఎవురూ అడగనూ ల్యా."

చెప్పులు మారాయి. కొన్ని వారాలకు పుండు మానింది. తిమ్మయ్య ఇంటికి పోయాడు. ఆరాధన జరిగింది జరిగినట్టు రాసింది.

ట్యూటర్ శివకుమారి ఆ రికార్డు మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"శానా బాగా రాసినావమ్మా," అంది. "కానీ పుండుకు కారణాల జాబితాలో మేకు ల్యాదు. పైగా పరీక్ష రోజు రోగి మంచం మీద హాజరుగా ఉండాలని రూలుండాది. నీ రోగి యాడ?"

"నయమై ఇంటికి పోయినాడు మేడం."

"అదే చెప్తాండా. తొందరపడినావు."

ఆరాధన ఫోను చేస్తే తిమ్మయ్య ఒక్కటే అడిగాడు.

"నేనొచ్చి పండుకుంటే నువ్వు పాసైతావా?"

పరీక్ష రోజు పసుపు తవ్వే పని వదిలి బస్సెక్కి వచ్చి, దుప్పటి కప్పుకుని, ఎవరూ చెప్పకుండానే మూలగడం కూడా మొదలుపెట్టాడు.

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి జ్ఞానరాజు ముందు ప్రవీణ్ దగ్గర ఆగాడు. రికార్డు ప్రకారం రోగి పేరు సుబ్బలక్ష్మమ్మ, జబ్బు జ్వరం. మంచం మీద ఒక మీసాలాయన ఉన్నాడు. జ్ఞానరాజు నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం సరిపోయింది. (మిగతావి చిన్న తేడాలు.) ప్రవీణ్‌కు పూర్తి మార్కులు పడ్డాయి.

తర్వాత జ్ఞానరాజు ఆరాధన దగ్గరికి వచ్చి, తిమ్మయ్య అరికాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పుండు ఉందని రాశావు. ఎక్కడ?"

"మానిపోయింది సార్."

"అంటే రికార్డుకూ రోగికీ పొంతన లేదు. కేసు ఎంచుకునేటప్పుడే ఆలోచించుకోవాలమ్మా. బాగయ్యేవాళ్లను తీసుకోకూడదు."

ఆరాధన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జ్ఞానరాజు పక్క మంచానికి వెళ్లాక తిమ్మయ్య మూలగడం ఆపి లేచి కూర్చున్నాడు.

"మళ్లా పరీచ్చ ఎప్పుడో కనుక్కో పాపా," అన్నాడు మెల్లగా. "అంతలోకి ఇంకో పుండు తెచ్చుకుంటా."

అలా చేయనని ఆమె ఆయన చేత ఒట్టు వేయించుకుంది. అందువల్ల తిమ్మయ్య కాలు ఇప్పటికీ బాగానే ఉంది, ఆరాధన ఇప్పటికీ ఫెయిలే. రెండింటికీ కారణం విద్యార్థిని అశ్రద్ధేనని కళాశాల తేల్చింది.